పెళ్లి రిసెప్షన్ స్టేజీ మీద 30 వాట్ల వాల్వ్ బేస్ యాంప్ చాలుతుందా? వాడి చెప్తున్నా

ముందే చెప్పేస్తున్నా, చాలుతుంది. కాకపోతే ఎక్కడ చాలుతుంది, ఎక్కడ చాలదు, దాంతో పాటు ఇంకేం ఉండాలి అన్నది చెప్పకపోతే ఈ రివ్యూ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నా. ముఖ్యంగా డబ్బా మీద వాట్ల అంకె చూసి యాంప్ కొనేవాళ్లు ఇది చివరిదాకా చదవండి.

నేను విజయవాడలో సినిమా పాటల ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాను. సీజన్లో రిసెప్షన్లు, వినాయక చవితి, దసరా ప్రోగ్రాములు, మధ్యమధ్యలో మొగల్రాజపురం వైపు కేఫుల్లో ముగ్గురు నలుగురం కలిసి చేసే చిన్న షోలు, ఆదివారాలు గుంటూరులో చర్చి. ఇన్ని రకాల చోట్లకీ ఇదే యాంప్ తీసుకెళ్తున్నా. ఇంట్లో సోఫాలో కూర్చుని రెండు నోట్లు వాయించి "టోన్ అదిరింది" అని రాసే రివ్యూ కాదిది.

ఇది వాల్వ్ యాంప్, అంటే ట్రాన్సిస్టర్లకి బదులు పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో పనిచేసేది, షాపులో దొరికే మోడల్ కాదు. గుంటూరులో ఒక పెద్దాయన ఉన్నారు, ఒకప్పుడు వాల్వ్ రేడియోలు, మైకు సెట్ల యాంప్లిఫయర్లు బాగు చేసిన చెయ్యి, ఆయన దగ్గర కట్టించుకున్నా. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. డిజైన్‌కి మూలం అమెరికాలో అంపెగ్ కంపెనీ 1960లో తెచ్చిన బి-15. ఆ యాంప్ మొదట్లో 25 వాట్లు, తర్వాత 30 వాట్లు, 15 అంగుళాల స్పీకర్ ఒక్కటే. మోటౌన్ అనే అమెరికా కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బుల్లో వాడింది దాన్నే. అదే అంపెగ్ వాళ్లు 1969లో ఎస్‌విటి అని 300 వాట్ల వాల్వ్ యాంప్ తెచ్చారు, పెద్ద పెద్ద మైదానాల్లో కచేరీలు మొదలైన రోజులవి, జనం వరకూ వినపడే సౌండ్ సిస్టమ్ సరిగ్గా లేక స్టేజీ మీది యాంపే అంత మోత మొయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు మనకి ఆ అవసరం లేదు. మన దగ్గర చిన్న ఊరి ఫంక్షన్‌కి కూడా రెండు వైపులా లైన్ యారే (ఒకదాని కింద ఒకటి వేలాడే స్పీకర్ల వరస) కట్టి, కింద 18 అంగుళాల సబ్బులు, అంటే సబ్‌వూఫర్లు, పేరుస్తున్నారు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది, మిగతాది దీని చుట్టూనే తిరుగుతుంది.

లోపల ఏముందంటే, పవర్‌కి రెండు 6ఎల్6 వాల్వులు, ముందు భాగంలో మూడు 12ఏఎక్స్7లు. 6ఎల్6 అంటే 1936లో వచ్చిన వాల్వ్, ఇప్పటికీ రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో తయారవుతూనే ఉంది, అందుకే విడిభాగాల బెంగ లేదు. పాత బి-15ల్లో చాలావాటిలో కరెంటుని డీసీ చెయ్యడానికి కూడా వాల్వే ఉంటుంది. "బాబాయ్, మనం కూడా అదే పెడదామా" అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు వాయించేది బేసు. తీగ లాగిన ప్రతిసారీ కరెంటు ఒక్క ఊపున లాగుతుంది. డయోడ్లు పెడితే గట్టిగా నిలబడుతుంది, నా మాట విను" అన్నారు. విన్నాను, బాగుంది. మెత్తదనం కావాలంటే వాల్యూమ్ ఇంకాస్త పెంచితే అదే వస్తుంది, గట్టిగా ఉండాల్సిన చోట గట్టిగానే ఉంటుంది.

ఖర్చంతా ట్రాన్స్‌ఫార్మర్ల మీదా వాల్వుల మీదా పోతుంది. బేస్ యాంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే ప్రాణం. నాలుగు తీగల బేస్‌లో కింది ఇ తీగ 41 హెర్ట్జ్, ఐదు తీగల బేస్‌లో కింది బి దాదాపు 31 హెర్ట్జ్. అంత కింది స్వరం పూర్తి పవర్‌తో దాటాలంటే ఐరన్ ఎక్కువ కావాలి. గిటార్ యాంప్‌కి సరిపోయే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే కింది నోట్లు బురదబురదగా వస్తాయి. మాది విజయవాడలో ఒక వైండింగ్ షాపులో చుట్టించాం. మోటార్లు చుట్టే షాపే, కానీ ఆయన ఓపిగ్గా ప్రైమరీ, సెకండరీ పొరలు ఒకదాని మధ్య ఒకటి వచ్చేలా, పొర పొరకీ కాగితం వేసి చుట్టాడు. స్టాంపింగులు, అంటే లోపలి ఇనుప రేకులు, మంచివే తెప్పించాం. అందుకే హెడ్ ఒక్కటే, అంటే స్పీకర్ బాక్స్ లేకుండా యాంప్ డబ్బా మాత్రమే, 14 కిలోలు ఉంది. మొత్తం మీద బాక్స్ కాకుండా 40 వేల దాకా అయ్యింది. అదే డబ్బుకి ట్రాన్సిస్టర్లతో పనిచేసే తేలికైన క్లాస్-డి రకం 500 వాట్ల హెడ్ కొత్తది వస్తుంది, బరువు రెండు మూడు కిలోలు. ఈ లెక్క దాచిపెట్టి వాల్వ్ గొప్ప అని చెప్పడం నాకిష్టం లేదు.

ఇక అసలు ప్రశ్న. 30 వాట్లు అంటే ఎంత మోత? 300 వాట్లలో పదో వంతు కదా అనిపిస్తుంది, కానీ చెవి అలా వినదు. పవర్ రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. పదింతలు చేస్తే 10 డెసిబెల్స్, చెవికి అది సుమారు రెండు రెట్లు మోతగా అనిపిస్తుంది. అంటే 300 వాట్ల యాంప్ 30 వాట్ల దానికంటే రెండింతలు మోగుతుంది, పదింతలు కాదు. ఇంకో సంగతి, వాట్ల కంటే స్పీకర్ సెన్సిటివిటీ ముఖ్యం. ఒక వాట్ ఇస్తే మీటర్ దూరంలో 94 డెసిబెల్స్ ఇచ్చే బాక్సుకి 120 వాట్లు పోస్తే ఎంత మోగుతుందో, 100 డెసిబెల్స్ ఇచ్చే బాక్సుకి 30 వాట్లు ఇస్తే అంతే మోగుతుంది. కాబట్టి తక్కువ వాట్ల యాంప్ కొనేవాళ్లు డబ్బు పెట్టాల్సింది బాక్స్ మీద. చిన్న బాక్సులో లోతైన బేస్ కావాలి, మోత కూడా కావాలి అంటే కుదరదు, చిన్న బాక్సులో లోతు పెంచితే సెన్సిటివిటీ పడిపోతుంది. నాది 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించిన 15 అంగుళాల బాక్స్, పెద్దదే, ఆటోలో వెనక సీటు మొత్తం ఆక్రమిస్తుంది. మోయడానికి ఇద్దరు కావాలి. చిన్నది చేయించుకుని ఉంటే మొయ్యడం తేలిక, వినపడటం కష్టం.

వాల్వ్ వాట్ వేరు, ట్రాన్సిస్టర్ వాట్ వేరు అనే మాట మనవాళ్లలో బాగా తిరుగుతోంది. వాట్ ఎక్కడైనా వాటే. తేడా ఎక్కడంటే, తీగ లాగిన క్షణంలో వచ్చే శిఖరం మామూలు స్థాయి కంటే చాలా ఎత్తుకి పోతుంది. ట్రాన్సిస్టర్ యాంప్ ఆ శిఖరాన్ని దాటించలేకపోతే కత్తిరించినట్టు టప్ మంటుంది, అందుకని వాల్యూమ్ కిందే ఉంచి ఎప్పుడూ సగం పైన పవర్ ఖాళీగా వదిలేయాలి. వాల్వ్ యాంప్ ఆ శిఖరాన్ని నెమ్మదిగా వంచుతుంది, దానివల్ల నోటు కొంచెం బొద్దుగా, దగ్గరగా వినపడుతుంది తప్ప చెవికి గుచ్చుకోదు. అంటే ఉన్న 30 వాట్లూ పూర్తిగా వాడుకోవచ్చు. పైగా 41 హెర్ట్జ్ ఇ నోటుకి 82, 123 దగ్గర పై స్వరాలు బలపడతాయి. మనిషి చెవి అసలు 41 సరిగ్గా వినపడకపోయినా ఈ పైవాటిని బట్టే "ఇది కింది ఇ" అని పట్టుకుంటుంది. అందుకే ఈ యాంప్‌లో బేస్ నోట్లు వరసగా విడివిడిగా తెలుస్తాయి. ఫంక్షన్ హాల్లో గాజు తలుపులు, టైల్స్ నేల, వెనక ఎల్‌ఈడీ వాల్, పైన ఫాల్స్ సీలింగ్, అన్నీ కలిసి కింది స్వరాల్ని ఎలాగూ గుమ్మని తిప్పుతుంటాయి, అందులో నోటు తెలిసేది ఈ పైస్వరాల వల్లే.

ఇప్పుడు ఒక్కో చోటు గురించి.

రిసెప్షన్ ఆర్కెస్ట్రా. దీనికి ఇది బ్రహ్మాండంగా సరిపోయింది, కారణం ఆక్టోప్యాడ్, అంటే కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్. మన ఆర్కెస్ట్రాల్లో అసలు డ్రమ్స్ తెచ్చేవాళ్లు తగ్గిపోయారు, ఆక్టోప్యాడ్, తబలా, ఢోలక్, కీబోర్డు, అంతే. స్టేజీ మీద యాంప్ లేకుండానే డ్రమ్ కిట్ అంత మోత చేసే వాయిద్యం ఏదీ లేదు. ఆక్టోప్యాడ్ ఎంత మోగాలో మానిటర్ వాల్యూమ్ చూసుకుంటుంది. అలాంటి చోట నా వెనకున్న 30 వాట్లు సగం కూడా అవసరం పడలేదు. గాయనీ గాయకులకి కూడా నచ్చింది, ఎందుకంటే బేస్ వాళ్ల మానిటర్లో ఎక్కువగా పెట్టాల్సిన పని లేకుండా నా బాక్స్ నుంచే శ్రుతి తెలుస్తోంది. బాక్సుని కుర్చీ మీద పెట్టి కొంచెం పైకి వంచితే నా చెవికి బాగా తగులుతుంది. నేల మీద, మూలకి, గోడకి ఆనించి పెడితే కింది స్వరాలు ఇంకా బలపడతాయి, కానీ అక్కడ మోత తప్ప నోటు తెలియదు. హాల్లో గోడకి కనీసం మూడు నాలుగు అడుగులు ముందుకి జరపండి.

కేఫ్‌లు. ఇక్కడ కహోన్ (మీద కూర్చుని చేత్తో వాయించే చెక్క పెట్టె), అకూస్టిక్ గిటార్, ఒక గొంతు. వాల్యూమ్ మూడు దగ్గర ఉంటే చాలు. ఇంత తక్కువలో కూడా ఈ యాంప్ చప్పగా అవ్వదు, కానీ నిజం చెప్పాలంటే ఆ స్థాయిలో వాల్వ్ ప్రత్యేకత పెద్దగా బయటపడదు, క్లాస్-డి హెడ్ పెట్టినా విన్నవాళ్లెవరూ తేడా పట్టరు. కేఫ్‌ల కోసమే అయితే ఇంత బరువు మోయక్కర్లేదు.

చర్చి. అసలు పరీక్ష ఇదే. నిజమైన డ్రమ్ కిట్, కుర్రాడు బలంగా కొడతాడు, వాయిద్యాల మధ్య అక్రిలిక్ పలకలు నిలబెట్టినా స్నేర్ దెబ్బ తగులుతూనే ఉంటుంది. మెల్లగా సాగే ఆరాధన పాటల్లో నా బేస్ చక్కగా ఉంది. వేగంగా, అందరూ చప్పట్లు కొట్టే పాటకి వచ్చేసరికి వాల్యూమ్ ఆరూ ఏడూ దాటించాను, అక్కడ యాంప్ గరగరలాడటం మొదలైంది. ఆ గరగర నాకిష్టమే, కొన్ని పాటలకి బాగుంటుంది కూడా, కానీ ఆరాధనలో ప్రతి పాటకీ బాగుండదు. క్లీన్‌గా ఉంటూ డ్రమ్స్ దాటి వినపడాలంటే ఒక్క 15 అంగుళాల బాక్సుతో 30 వాట్లు హద్దు మీదే ఉన్నాయి. ఇక్కడ నేను చేసేది, బేస్ నాబ్ సగం కిందకి దించుతా. మధ్య స్వరాలు పెంచుతా. బేస్ నాబ్ పెంచితే బాగా వినపడుతుందని చాలామంది అనుకుంటారు, అసలు పవర్ అంతా తినేసేదే అది. 40 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఒక చిన్న హైపాస్ పెడల్‌తో కోసేస్తే యాంప్‌కి ఊపిరి ఆడుతుంది, స్పీకర్ కోన్ కూడా అనవసరంగా ఊగదు. తర్వాత చెయ్యి తేలికగా వెయ్యడం. గట్టిగా లాగే అలవాటున్న వాళ్లకి ఈ యాంప్ తొందరగా నిండిపోతుంది. ఫ్లాట్‌వౌండ్ తీగలు, అంటే పైన చుట్టు నున్నగా ఉండేవి, వేసుకుంటే ఇంకా బాగా కలుస్తుంది. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీ సర్క్యూట్ ఉన్నది) అయితే దాని అవుట్‌పుట్ ఎక్కువ కాబట్టి గిటార్ వాల్యూమ్ కొంచెం దించి వాయించండి, లేకపోతే ప్రీయాంప్, అంటే యాంప్ ముందు భాగం, ముందే నిండిపోయి పవర్ భాగం వరకూ వెళ్లక ముందే గరగర వస్తుంది.

బయట మైదానం. ఇక్కడ ఈ యాంప్‌ని జనం కోసం అనుకుంటే పొరపాటే. గోడలు లేవు, పైకప్పు లేదు, కింది స్వరాలు గాలిలో కలిసిపోతాయి, 30 కాదు 300 వాట్లు స్టేజీ మీద ఉన్నా వెనక వరసకి చేరేది సౌండ్ వాళ్ల సబ్బుల వల్లే. ఇక్కడ యాంప్ నా చెవికి మానిటర్, సౌండ్ వాళ్లకి టోన్ ఇచ్చే డబ్బా, అంతే.

అందుకే లైన్ అవుట్, అంటే యాంప్ నుంచి సౌండ్ వాళ్ల మిక్సర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్, గురించి విడిగా చెప్పాలి. సౌండ్ తమ్ముడు ప్రతి చోటా అడిగే మాట ఒకటే, "అన్నా, బేస్ నాకు డైరెక్ట్‌గా ఇచ్చెయ్, స్టేజీ మీద యాంప్ ఎందుకు?" అతని బాధ నిజమే, స్టేజీ మీద బేస్ మోగితే ప్రతి మైకులోనూ దూరుతుంది. కానీ గిటార్ నుంచి నేరుగా డీఐ బాక్సులోకి (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా) వెళ్తే వచ్చే శబ్దం ఎముకలు తేలినట్టు ఉంటుంది, యాంప్‌లో పవర్ వాల్వులూ ట్రాన్స్‌ఫార్మరూ కలిపే గుణం అందులో ఉండదు. బాబాయ్‌తో చెప్పి స్పీకర్ దగ్గర నుంచే, అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత, సిగ్నల్ బాగా తగ్గించి, ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా విడదీసి వెనక ఎక్స్ఎల్ఆర్ సాకెట్ (మైకు కేబుల్ పట్టే మూడు పిన్నులది) పెట్టించా. మొదటిసారి ఇచ్చినప్పుడు మిక్సర్ దగ్గరి తమ్ముడు హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, తన ఈక్యూలో ముందే చేసుకున్న సెట్టింగులన్నీ తీసేసి ఫ్లాట్‌గా పెట్టేశాడు. "దీనికేం చెయ్యక్కర్లేదన్నా" అన్నాడు. తక్కువ వాట్ల యాంప్ కొనాలనుకునే వాళ్లు లైన్ అవుట్ ఎక్కడ నుంచి తీశారో తప్పక చూడండి. కొన్నిటిలో అది ప్రీయాంప్ తర్వాతే ఉంటుంది, అప్పుడు జనానికి చేరేది సగం యాంపే. అదీ లేకపోతే బాక్స్ ముందు మంచి మైకు పెట్టడమే దారి, కానీ మన రిసెప్షన్ స్టేజీల మీద ఆ మైకు స్టాండు ఎవరో ఒకరు తన్నేస్తారు. సాకెట్ ఉన్నదే మేలు. ఇందులో ఇంకో లాభం, గ్రౌండ్ లూప్ వల్ల, అంటే యాంప్, మిక్సర్ రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల, వచ్చే హమ్ ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆగిపోతుంది. మన హాళ్లలో లైటింగ్ కరెంటు, సౌండ్ కరెంటు ఒకే బోర్డు నుంచి లాగుతారు, ఎర్త్ ఉందో లేదో దేవుడికే తెలియాలి, అలాంటి చోట ఇది చాలా పని చేస్తుంది. అలాగని హమ్ తగ్గుతుందని యాంప్ ఎర్త్ పిన్ మాత్రం పీకొద్దు, ఇందులో ఉన్నది 430 వోల్టులు.

కరెంటు విషయానికి వచ్చాం కాబట్టి. హాల్లో మెయిన్స్ మీద ఉన్నంతసేపూ గొడవ లేదు. బయట జనరేటర్ మీద, ఫ్లడ్ లైట్లన్నీ ఒకేసారి వేసినప్పుడు, మీటర్ పెట్టి చూస్తే 190 వోల్టులకి పడిపోయింది. వాల్వ్ యాంప్‌లో వోల్టేజి అన్నిటికీ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది, 6.3 వోల్టులు ఉండాల్సిన ఫిలమెంట్ 5.2కి వస్తుంది, 430 ఉండాల్సింది 355కి వస్తుంది, 30 వాట్లు కాస్తా సుమారు 20 అవుతాయి. మోతలో తేడా పెద్దగా ఉండదు, రెండు డెసిబెల్స్ లోపే, కానీ చేతికి తెలుస్తుంది, నోటు నానిన అప్పడంలా మెత్తబడిపోతుంది. క్లాస్-డి హెడ్లలో కంప్యూటర్లలో ఉండేలాంటి ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై ఉంటుంది, వాటిలో చాలావాటికి ఈ తేడా లెక్కే కాదు. నేను ఇప్పుడు బయట ప్రోగ్రాములకి ఒక స్టెబిలైజర్ కూడా పట్టుకెళ్తున్నా, అది ఇంకో బరువు. దీన్ని మైనస్ కిందే రాసుకోండి.

వేడి ఇంకో మైనస్. మన మే నెల గురించి మీకు చెప్పక్కర్లేదు. 6ఎల్6 గాజు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అది దాని సహజం, కానీ చుట్టూ గాలి ఆడాలి. మన దగ్గర ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది, డెకరేషన్ వాళ్లు. స్టేజీ మీద నల్ల డబ్బా కనపడితే ఫొటోల్లో బాగుండదని వాళ్లు దాని మీద గుడ్డ కప్పేస్తారు. ఒక రిసెప్షన్లో సౌండ్ చెక్ అయ్యి నేను టిఫిన్‌కి దిగి వచ్చేసరికి హెడ్ మీద గులాబీ రంగు సాటిన్ గుడ్డ నాలుగు మడతలు, అంచులు లోపలికి దోపి, పైన పూలకుండీ కూడా పెట్టి ఉంది. యాంప్ స్టాండ్‌బైలో ఉంది కాబట్టి సరిపోయింది, వాయిస్తుండగా అయితే గుడ్డ మాడిపోయేదేమో. ఆ అబ్బాయిని పిలిచి వెనక జాలీ మీద చెయ్యి ఆనించి చూడమన్నా, వెంటనే తీసేశాడు, బాక్స్ ముందు మాత్రం పలచటి గుడ్డ ఒకటి వేలాడదీశాడు, అది స్పీకర్‌కి అడ్డం కాదు. అప్పటి నుంచి స్టేజీ ఎక్కగానే ముందు డెకరేషన్ వాళ్లతోనే మాట్లాడుతున్నా. పెడస్టల్ ఫ్యాన్ ఒకటి యాంప్ వెనక నుంచి తగిలేలా పెట్టమంటే ఎవరూ కాదనరు.

ప్రోగ్రాం అవ్వగానే సర్దెయ్యకండి. వేడి మీదున్న వాల్వుల్ని ఆటోలో గుంటలు ఎక్కించి దించితే లోపలి తీగలు తెగే అవకాశం ఎక్కువ. ఆపేశాక భోజనం చేసి రండి, అప్పటికి చల్లారుతుంది. నేను విజయవాడ నుంచి గుంటూరు వెళ్లేటప్పుడు హెడ్‌ని నిలబెట్టి, చుట్టూ దుప్పటి చుట్టి, కారైతే సీటు బెల్ట్ వేసి తీసుకెళ్తా. ఇప్పటిదాకా వాల్వ్ పోలేదు. బ్యాగులో ఒక జత 6ఎల్6లు, ఒక 12ఏఎక్స్7, రెండు ఫ్యూజులు ఎప్పుడూ ఉంటాయి.

వాల్వ్ పాడైందో లేదో చూసి కొంత చెప్పొచ్చు. వాయించేటప్పుడు గాజు మీద నీలం రంగు మెరుపు కనిపిస్తే భయపడకండి, అది మామూలే. లోపల ప్లేట్ల మధ్య ఊదా రంగులో మబ్బులా నిండితే గ్యాస్ చేరింది, మార్చాలి. పైన అద్దంలా వెండి పూత ఉంటుంది, అది తెల్లగా పాలిపోతే గాలి దూరినట్టు, ఇక పనికిరాదు. ప్లేటు ఎర్రగా కాలిపోతుంటే వెంటనే ఆపెయ్యాలి. పవర్ వాల్వులు మార్చినప్పుడు బయస్, అంటే వాయించకుండా ఉన్నప్పుడు వాల్వులో పోయే కరెంటు, సరి చెయ్యాలి. బాబాయ్ ఒక్కో వాల్వ్ కింద ఒక ఓమ్ రెసిస్టర్ పెట్టి, రెండు చిన్న పిన్నులు వెనక బయటికి తెచ్చారు, మీటర్లో 35 మిల్లీవోల్టులు చూపిస్తే వాల్వులో 35 మిల్లీయాంపులు పోతున్నట్టు. లోపల చెయ్యి పెట్టక్కర్లేదు. ఇది చేయించుకునేటప్పుడు తప్పక అడగండి, ఎందుకంటే ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, తెలియని వాళ్లు మూత తియ్యకూడదు.

స్పీకర్ తగిలించకుండా మాత్రం ఆన్ చెయ్యొద్దు. ట్రాన్సిస్టర్ యాంప్ ఖాళీగా ఉన్నా ఏం కాదు, వాల్వ్ యాంప్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. స్పీకర్ 8 ఓమ్‌లైతే 8 సాకెట్‌కి, రెండు బాక్సులు కలిపి 4 అయితే 4 సాకెట్‌కి. ట్రాన్సిస్టర్ యాంప్‌లాగా ఓమ్‌లు సగం చేస్తే పవర్ రెండింతలు అవ్వదు, 30 అంటే 30. కానీ రెండో బాక్స్ పెడితే గాలిని నెట్టే కోన్ రెండింతలు అవుతుంది కాబట్టి మోత పెరుగుతుంది, కింది స్వరాల్లో 3 డెసిబెల్స్ దాకా. పవర్ రెండింతలు చేసినంత లాభం, వాల్వులు మార్చకుండా.

మరి ఎవరు కొనాలి? ఆర్కెస్ట్రాలో ఆక్టోప్యాడ్‌తో వాయించేవాళ్లు, సౌండ్ వాళ్లకి మంచి లైన్ ఇవ్వాలనుకునేవాళ్లు, పాత పాటల బేస్ లైన్లు గుండ్రంగా, పాడినట్టు వినపడాలనుకునేవాళ్లు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. స్లాప్ (తీగల్ని బొటనవేలితో కొట్టి వాయించడం) ఎక్కువ వాయించేవాళ్లకి, ఐదో తీగ మీద బతికేవాళ్లకి, మెటల్ బ్యాండ్ డ్రమ్మర్ పక్కన నిలబడేవాళ్లకి ఇది చాలదు, ఆ మాట మొహమాటం లేకుండా చెప్తున్నా. బస్సులో ఒంటరిగా ప్రయాణం చేసి ప్రోగ్రాములకి వెళ్లేవాళ్లు కూడా వద్దు, 14 కిలోల హెడ్, పెద్ద బాక్స్, స్టెబిలైజర్ ఒక్కరి వల్ల కాదు. కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్లు ముందు తేలికైన క్లాస్-డి హెడ్, మంచి బాక్స్ కొనుక్కోండి. ఆ బాక్స్ రేపు వాల్వ్ హెడ్ కొన్నప్పుడు కూడా పనికొస్తుంది.

నాకు మిగిలిన లోటు చర్చి ఒక్కటే. దానికోసం 12 అంగుళాల రెండో బాక్స్ చేయిస్తున్నా, 8 ఓమ్‌లది, సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్‌తో, పైన పెడితే చెవి ఎత్తుకి వచ్చేలా. ప్లై కోత అయిపోయింది, స్పీకర్ రావాలి. క్రిస్మస్ ప్రోగ్రాములు మొదలయ్యేలోపు అది చేతికొస్తే డ్రమ్స్ పక్కన పెట్టి వాయించి, ఎంత తేడా వచ్చిందో దీని కిందే కలుపుతా.